రాగి బిందె నీళ్లు

లక్ష్మీరాజానికి చేపలంటే ఇష్టం లేదు. మనుషులంటే అంతకన్నా లేదు. జోల్వా నేత షెడ్డులో ముప్పై రెండేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి, ఆ మోతకు సగం వినికిడి పోగొట్టుకున్నాక, సేఠ్ అతణ్ని ఆఫీసు గదిలో గాజుతొట్టి దగ్గర కూర్చోబెట్టాడు. చేపలున్నన్నాళ్లూ పని, షెడ్డు వెనక గది. అంతే మాట.

తొట్టిలో ఉప్పునీళ్లు, బొక్కల రాళ్లు, రాతికి కరుచుకున్న ఒక పువ్వు, అందులో కాపురముండే రెండు చేపలు. బొటనవేలంత ఒళ్లు. నారింజ రంగు మీద మూడు తెల్ల పట్టీలు, ప్రతి పట్టీకీ సన్నటి నల్ల అంచు. ఎవడు నేశాడో గాని ఒక్క పోగు తప్పలేదు. అంతవరకు లక్ష్మీరాజం ఒప్పుకున్నాడు.

నిజానికి అది పువ్వు కాదు, ప్రాణి. దాని రేకులు తగిలితే వేరే చేప కొయ్యబారి చస్తుంది. ఈ రెంటినీ మాత్రం ఏమీ అనదు. ఈ జాతి బతికేది హజీరా దగ్గరి బురద సముద్రంలో కాదనీ, ఎక్కడో దీవుల చుట్టూ, అడుగు రాళ్లు కనిపించే తేటనీళ్లలోననీ తొట్టి అమ్మినవాడు చెప్పాడు. అక్కడ కూడా ఇవి పువ్వును వదిలి దూరం పోవట. పెద్దది ఆడది. అది చస్తే చిన్నది కొన్నాళ్లకు తానే ఆడదై ఇంకో మొగుణ్ని చూసుకుంటుందట. ఆ మాట విన్నాక లక్ష్మీరాజానికి చిన్నదాని మొహం చూడబుద్ధి కాలేదు.

అమ్మినవాడు ఇంకోటి కూడా చెప్పాడు. రాగి తగలనీయొద్దు, చేప ఓర్చుకున్నా పువ్వు ఓర్చుకోదు అని. లక్ష్మీరాజం ఆ రోజే వేలి రాగి ఉంగరం తీసి డబ్బాలో వేశాడు.

శ్రావణంలో భార్య చిన్నవ్వ ఏడాది మాసికం వచ్చింది. ఆమె తమ్ముడు కనకయ్య అదే షెడ్డులో సాంచాలను, పనివాళ్లను చూసే మిస్త్రీ. కండెలు చుట్టే గదిలో దూది దుమ్ముకు ఆమె దగ్గుతుంటే, అక్కను వేరే పనిలోకి మార్చడం అతని చేతిలో ఉన్న పని. మార్చలేదు. ఆ దగ్గుతోనే ఆమె పోతే, పదకొండో రోజున వచ్చి ఆమె రాగి బిందె మాత్రం తీసుకుపోయాడు.

"మా తల్లిగారు పెట్టిన బిందె బావా. మా ఇంట్లనే ఉండాలె," అన్నాడు అప్పుడు.

ఇప్పుడు మాసికానికి సొంతూరికి రమ్మంటే, "ఫ్లోర్ ఇడిశి ఎట్లొస్త? నువ్వు పోయిరా. చేపలను నేను జూస్త," అన్నాడు.

సేఠ్ వేలు చూపించి, చేపలు పోతే నీ పనీ పోయినట్టేనని హిందీలో చెప్పాడు. "మఛ్లీ గయీ తో తూ భీ గయా, కనకయ్యా."

"అరే, రెండు చాపలు సేఠ్! పన్నెండు సాంచాలు జూసేటోణ్ని," అని కనకయ్య నవ్వాడు.

పోయే రోజు పొద్దున లక్ష్మీరాజం పని చూపించాడు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. అందుకని రోజూ ఫిల్టర్ మంచినీళ్లు పట్టి, గాజు మీది టేపు గీత దాకా పోయాలి. చిటికెడు మేత. అంతే.

"గింతేనా? దీనికేనా నువ్వు కుర్సీ మీద కూసునేది?" అని కనకయ్య బయటికి వెళ్లి చంకన బిందెతో వచ్చాడు. చిన్నవ్వ బిందె. చింతపండుతో తోమి ఉంది, నిప్పులా మెరుస్తోంది. దాన్ని ఫిల్టర్ కింద పెట్టి నల్లా తిప్పాడు.

"రాగిబిందెల రాత్రంత నిలవెట్టి పొద్దుగాల్ల పోస్త. మనుషులకే మంచిదాయె, చాపలకు గాదా? ఆ ప్లాస్టిక్ బకెట్ల నువ్వేం పోస్తున్నవో ఏమో."

లక్ష్మీరాజం బిందెను చూశాడు. అంచు దగ్గర చిన్న సొట్ట. కోసాడ్‌లో కాపురమున్నప్పుడు మెట్ల మీద చిన్నవ్వ చేయి జారి పడిన సొట్ట అది.

"ఏంది బావా, గట్ల జూస్తున్నవ్? బిందె అడుగుతవా ఏంది?"

నోటిదాకా ఒక మాట వచ్చింది.

"గీత దాటనియ్యకు," అన్నాడు లక్ష్మీరాజం. సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పన్నెండు రోజులకు తిరిగొచ్చేసరికి ఆఫీసు తలుపు దగ్గరే కంపు కొట్టింది. పువ్వు కరిగి, రాతి మీద తెల్లటి జిగురై వేలాడుతోంది. ఆ కుళ్లుకు పెద్ద చేప వెల్లకిలా తేలింది. చిన్నది పువ్వు ఉన్న చోటే, ఆ జిగురులోకే ఒళ్లు దూర్చి దూర్చి బయటికొస్తోంది. నీళ్లు మాత్రం సరిగ్గా గీత దాకా ఉన్నాయి.

సేఠ్ అప్పటికే కనకయ్యను పనిలోంచి తీసేశాడు. లక్ష్మీరాజాన్ని చూసి, తొట్టి తీసేస్తున్నానని, గది ఖాళీ చెయ్యమని చెప్పాడు. లక్ష్మీరాజం చిన్న చేపను అమ్మినవాడికే ఇచ్చేస్తానని బకెట్‌లోకి తోడుకున్నాడు.

కనకయ్య గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. "ఎక్కిరిచ్చుకుంట చెప్పిండు ఆ చాపలోడు. రాగి పడదంట. నీకు ఎర్కేనంట!"

"ఎర్కే."

"నా కండ్ల ముంగట బిందె జూశినవ్. చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతయా? పెండ్లాం పిల్లలున్నోణ్ని!"

"మీ అక్క దగ్గుకుంట ఏడాదంత నీ ముంగటనే తిరిగింది. నీ నోట్లెకెల్లి ఒక్క మాటొచ్చిందా?"

"అది వేరే, ఇది వేరే!"

"నాకైతే ఒక్కటే."

కనకయ్య బిందెను అతని కాళ్ల దగ్గర కొట్టాడు. "తీస్కపో! నీ పెండ్లాం బిందె!"

రెండో సొట్ట పడింది. లక్ష్మీరాజం దాన్ని తీసి చంకన పెట్టుకున్నాడు.

ఊళ్లోకి వెళ్లే షేర్ ఆటో ఒక్కటే ఉంది. ఇద్దరూ దానిలోనే ఎక్కారు. ఇద్దరి కాళ్ల మధ్య బకెట్. గుంతల్లో కుదిపినప్పుడల్లా నీళ్లు కనకయ్య ప్యాంటు మీద చిందుతున్నాయి. అతను కాళ్లు జరపలేదు. లక్ష్మీరాజం బకెట్ జరపలేదు. చిన్న చేప ప్లాస్టిక్ గోడకు ఒళ్లు రాస్తూ, దూరడానికి చోటు వెతుకుతూనే ఉంది.