పింగాణీ గిన్నెలకు సున్నం

1936 డిసెంబరు. డోన్ రైల్వే తంతి ఆఫీసులో నేను కొత్త గుమాస్తాను. అక్కడ బి.ఏ. చదివింది నేనొక్కడినే కనుక, లైన్‌మన్ల పరీక్ష కోసం తంతి సామాను పేర్లన్నిటికీ తెలుగు మాటలు రాయమన్నారు. ఇన్సులేటరుకు ‘విద్యున్నిరోధకము’ అని రాసి నాలుగు రోజులు మురిసిపోయాను.

ఏసన్న మామది మా చర్చే. పదకొండేళ్లుగా టెంపరరీ లైన్‌మన్. సోమవారం తనిఖీకి వచ్చే ఇంగ్లీషు దొర పెట్టే పరీక్షలో నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

“ఇంకోసారి చెప్పప్పా.”

“విద్యున్నిరోధకము.”

“అది పలికేలోపల బండి గుత్తి దాటిపోతాది! మేం పింగాణీ గిన్నె అంటాం. తీగలో పోయే కరెంటు స్తంభం పట్టుకోని నేలకు దిగకుండా ఆపుతాది. అంతే కదా?”

“అంతే మామా. కానీ పరీక్షలో పేరు అడుగుతారు.”

ఆ వారమే బేతంచెర్ల వైపు తీగ మొరాయించింది. తెల్లవారుజామున పంపిన కబురు అవతల సగమే వినిపించేది. ఎండెక్కాక బాగయ్యేది. ఆ తీగ బాగోగులు చూసేది ఏసన్న మామే. దొర వచ్చేలోగా కారణం దొరక్కపోతే పరీక్షకే రానిచ్చేది లేదన్నారు.

శనివారం పొద్దున్నే నిచ్చెన మోసుకుని ఇద్దరం బయలుదేరాం. జొన్న చేల మీద మంచు ఇంకా విడలేదు. మూడో స్తంభం ఎక్కి, మామ గిన్నె లోపలికి వేలు పెట్టాడు. వేలికి తడిసిన సున్నం అంటింది. దిగి వచ్చి పట్టాల పక్కన కూలబడ్డాడు.

“నేనే అప్పా చేసింది. క్రిస్మస్‌కని చర్చికి కొట్టిన సున్నం మిగిలింది. చర్చి ఊడ్చే జీవమ్మ పారబోస్తానంటే నేనే తెచ్చినా. దొర ట్రాలీలో ఈడనే కదా పోయేది, గిన్నెలు శానా పొగచూరి ఉండాయని పన్నెండు స్తంభాలకూ కొట్టినా. లోపల గూడా కుంచె పెట్టినా. సున్నం మంచును పట్టుకుంటాది. ఆ తడెంబడే కరెంటు దిగిపోతాండాది.”

“మంచు వల్ల అని దొరకిచ్చే కాగితంలో రాస్తాను మామా. సున్నం మాట వద్దు.”

“మంచు ఏటా పడతాది. సున్నమనే రాయి. లేకుంటే రేపు ఇంకొకడు ఇంకోచోట కొడతాడు.”

అలాగే రాశాను. ఆ రోజూ మరునాడూ గిన్నెలు కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. ఆదివారం ఆరాధనకు ఇద్దరమూ పోలేదు.

సోమవారం పొద్దున కబురు పూర్తిగా అందింది. దొర నా కాగితం చదివి, ఇన్సులేటరు చూపించి పేరు అడిగాడు. మామ నా వైపు చూశాడు. మాట గుర్తు రాలేదు.

“పేరు రాలే దొరా. దీని కడుపు పొడిగా ఉంటేనే కబురు పోతాది. సున్నం కొట్టి చెడగొట్టింది నేనే, కడిగిందీ నేనే.”

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. దొర నా కాగితం ఇంకోసారి చదివాడు. తర్వాత మామ పేరు ఎదురుగా ‘ఖాయం’ అని రాసి, అన్ని స్టేషన్లకూ తెలుగులో ఒక హెచ్చరిక పంపమని నాకు చెప్పాడు.

నా మాటల పట్టీ తెరిచాను. కాసేపు చూసి మూసేశాను. హెచ్చరికలో ఇలా రాశాను: “పింగాణీ గిన్నెలకు సున్నం కొట్టరాదు.”