కొంగుకు కాపలా

పెళ్ళయిన పన్నెండో రోజున, శ్రీలంకలోని అనురాధపురంలో, ఒక పాతకాలపు బౌద్ధ విహారం మెట్ల ముందు హేమావతి కదలనని కూర్చుంది. మెట్లకు అటొకరూ ఇటొకరూ రాతి ద్వారపాలకులు. తల వెనక ఏడు పడగలు, చేతిలో పూలు పొంగే కుంభం, నడుములో చిన్న ఒయ్యారం. పాదాల పక్కన బొజ్జ మరుగుజ్జు ఒకడు నవ్వు ఆపుకుంటున్నాడు. వీళ్ళను పట్టుచీర మీదికి ఎక్కించాలని ఆమె అనగానే శివకృష్ణ ఇరవై ఫొటోలు తీశాడు. కొత్త పెళ్ళాం ఏమడిగినా కాదనని రోజులవి.

శివకృష్ణది హిందూపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. ధర్మవరంలో మగ్గం నేసేది అతని నాయన ఓబుళప్ప. సోమవారం మగ్గం ఖాళీ అవుతుంది, దానికి నెమళ్ళ డిజైన్ సిద్ధంగా ఉంది. ఇంటికి తిరిగొచ్చిన కోడలి మాట విని ఆయన కాదనలేదు. బొమ్మలు గీసి, పాత చీరకు గుచ్చి, కట్టుకుని చూపించమన్నాడు. నప్పితే నెమళ్ళు ఆగుతాయి, లేకుంటే ద్వారపాలకులు ఫోన్‌లోనే ఉండిపోతారు.

ఆదివారం హేమావతి చీరను నేల మీద పొడుగ్గా పరిచింది. పాదాలు కొంగు చివరి వైపు ఉండేలా కాగితం బొమ్మలను అంచు పొడవునా గుచ్చింది. ఒక జత మిగిలితే, పారేయబుద్ధి కాక కొంగు మీద చెరో పక్కన పెట్టింది. అందరూ ఠీవిగా నిలబడ్డారు. గబగబా కట్టుకుని వసారాలోకి వచ్చింది.

ఓబుళప్ప తల పక్కకు వాల్చి అంచును చూశాడు.

"ఏమ్మా, కాపలాకు పెట్టినోళ్ళు అందరూ పండుకోనుండారే."

నిజమే. చీర నడుం చుట్టూ తిరిగేసరికి వాళ్ళంతా అడ్డంగా పడిపోయారు. అంచు బొమ్మను పక్కకు తిప్పి గీయాలని, మగ్గం ఎరగని ఇంటి పిల్లకు ఎవరు చెప్తారు? శివకృష్ణ అచ్చం ఆ మరుగుజ్జులాగే నవ్వు ఆపుకుంటూ గోడవైపు తిరిగాడు. హేమావతికీ నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. నెమళ్ళే గెలిచాయనుకుని లోపలికి తిరిగింది.

అత్త వెంకటక్క ఆమెను భుజం పట్టుకుని ఆపింది.

"ఏమయ్యా, ఈడ సూడు. కొంగులో ఇద్దరూ నిలబడుకోనే ఉండారు."

వీపు మీద జారిన కొంగులో ఆ మిగిలిన జత నిటారుగా, ఎవరినీ రానివ్వనట్టు నిలబడింది. వెంకటక్క కొంగు సరిచేసి పట్టుకుంటే ఓబుళప్ప చాలాసేపు చూశాడు. అంచుకు ఉత్త జరీ చాలన్నాడు, కొంగుకు ఈ జతే అన్నాడు. మరుగుజ్జు బొజ్జ మటుకు ఇంకాస్త పెంచమన్నాడు.

ఇంట్లో పాలున్నా, కాగితం బొమ్మలు గుచ్చిన ఆ చీరతోనే హేమావతి వీధి చివరిదాకా పాలకు పోయి వచ్చింది.