ముందు నడవాల్సిన పిల్ల

నల్లగుడ్డతో కళ్ళగంతలు కుట్టివ్వమని బడిలో పర్యావరణం చెప్పే టీచరమ్మ పురమాయించినప్పుడు నా కాళ్ళు నేలమీద నిలవలేదు. పిల్లలంతా కళ్ళకు గంతలు కట్టుకుని అడవిలో నడుస్తారట. చెట్టూ చేమా, పిట్టా పురుగూ అన్నిటినీ చెవులతో, చేతులతోనే తెలుసుకుంటారట. మా చిట్టికి పుట్టుకతోనే చూపు లేదు. ఇక ఆ ఆటలో దాన్ని మించినవాళ్ళెవరు?

"నేనే ముందు నడుస్తానమ్మా. అందరూ నా భుజం పట్టుకుని వెనకాలే రావాలి," అంది చిట్టి. నేను మిషను తొక్కుతుంటే ఒక్కో గంతా మొహానికి ఆనించి చూసి, "ఇది ముక్కు దగ్గర గుచ్చుకుంటోంది, విప్పు," అని పెత్తనం చేసింది. నోరు మూసుకుని విప్పి, మళ్ళీ కుట్టాను. అంత ముద్దొచ్చింది ఆ పెత్తనం.

అడవికి వెళ్ళిన రోజు సాయంత్రం చిట్టి బస్సు దిగింది. చెప్పులకు మట్టి అంటలేదు.

"ఏం విన్నావే అడవిలో?"

"డ్రైవరు మామయ్య గురక."

దాన్ని బస్సులోనే కూర్చోబెట్టారు, అందరి సంచులకూ కాపలాగా. మర్నాడు బడికి వెళ్ళి నిలదీశాను.

"దారంతా రాళ్ళండీ. పడితే మళ్ళీ మమ్మల్నే అంటారు," అంది టీచరమ్మ.

"గంతలు కట్టుకున్నవాళ్ళు పడరా?"

"పడబోతే వాళ్ళు గంత తీసేసుకుంటారు కదండీ. అయినా చిట్టికి ఇందులో కొత్తగా తెలిసేదేముంది? చూపు లేనివాళ్ళ కష్టం మిగతా పిల్లలకు తెలియాలనే కదా మా తాపత్రయం! కొంతమంది ఏడ్చేశారు కూడా."

ఆవిడ మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురి కష్టం తెలుసుకోవడానికి నా కూతురే అడ్డమట! నోటికొచ్చినట్టు దులిపేసి వచ్చాను. అక్కడితో పీడ వదిలిందనుకున్నాను.

వారం తిరక్కముందే చిట్టి బడి నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా మిషను పక్కన కూలబడింది. బడిలో దీని పక్కన కూర్చునే పిల్ల ఒట్టి గయ్యాళి. బల్లమీద చోటు కోసం రోజూ దీన్ని మోచేత్తో పొడిచేది, జుట్టు పీకేది. ఇదీ తక్కువ తినలేదు, రక్కి వచ్చేది.

"మళ్ళీ కొట్టుకున్నారా?" అన్నాను.

"లేదమ్మా. అడవికెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ బల్లంతా నాకే వదిలేసి చివర కూర్చుంటోంది. నేనేమన్నా 'పోనీలే పాపం' అంటోంది."

"మంచిదేగా."

"ఇవాళ గట్టిగా గిల్లానమ్మా. అయినా తిరిగి గిల్లలేదు," అని చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.