లైట్లు వెలిగాక

మా సినిమాహాలు హిరోసాకిలో ఒక సెలూన్ పైన, రెండో అంతస్తులో ఉంది. యాభై రెండు సీట్లు. ఇరవై ఏడేళ్లుగా అక్కడ టికెట్లు చింపేదీ, లైట్లు ఆర్పేదీ, మళ్లీ వెలిగించేదీ నేనే. కాబట్టి ఆ రకం సినిమాల గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

ఏ రకమంటే, ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరుంటారు. ఒక ముసలాయన, జుట్టుకు పచ్చరంగు వేసుకున్న ఒక అమ్మాయి. లేదా ఒక విధవరాలు, ఆవిడ ఇంటికి కన్నం వేయడానికొచ్చిన దొంగ. ఏదో కారణం చేత ఇద్దరూ ఒక చిన్న కారెక్కుతారు. దారిలో నూడుల్స్ తింటారు. వాన వస్తుంది, సముద్రం వస్తుంది. చివర విడిపోయేటప్పుడు చెప్పాల్సిన మాట చెప్పకుండా తలవంచి వెళ్లిపోతారు, అక్కడ పాట. తెరమీద పేర్లన్నీ అయ్యేదాకా మావాళ్లు ఎవరూ లేవరు. లైట్లు వేసి చూస్తే అందరి చేతుల్లోనూ రుమాళ్లు. "ఏమీ జరగలేదు, అయినా ఎంత బాగుందో మికామి గారూ," అంటూ మెట్లు దిగుతారు. ఏమీ జరగనిదాని కోసం ఇంత దూరం రావడమెందుకని నేను లోపల అనుకునేదాన్ని.

నరుమి గారు అలాంటి సినిమా ఒక్కటీ వదిలేవారు కాదు. డెబ్బై తొమ్మిదేళ్లు, కర్రలా నిటారైన మనిషి. భార్య పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. ఆయన రుమాలు తీసేవారు కాదు. తిన్నగా నా టికెట్ల కిటికీ దగ్గరికొచ్చి తప్పులు చెప్పేవారు.

"ఆ పిల్ల కారు తీసేముందు అద్దం చూడలేదు. మలుపులో సిగ్నల్ వెయ్యలేదు. నా దగ్గరయితే పది నిమిషాల్లో ఫెయిల్."

ఆయన ఉద్యోగమంతా డ్రైవింగు లైసెన్సు పరీక్షాధికారిగా గడిచింది. నా ఇరవయ్యో ఏట నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిన మహానుభావుడు ఈయనే. రైల్వే గేటు దగ్గర ఆగాను, అటూ ఇటూ చూశాను, కానీ రైలు చప్పుడు వినడానికి కిటికీ అద్దం దించలేదట. రెండోసారీ కంగారులో అదే మరిచాను. అప్పట్నుంచీ గేటు కనపడితే చాలు, జనవరి మంచు ఒళ్లో పడుతున్నా సరే, అద్దం దించుతాను. దించిన ప్రతిసారీ ఆయన్ని తిట్టుకుంటాను. ఆయనకు మాత్రం నేను గుర్తే లేను.

మొన్న ఏప్రిల్లో, మంచు కరిగాక, ఆయన సినిమా అయిపోయినా వెళ్లకుండా నిలబడ్డారు. జేబులోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టారు. అచ్చువేసిన కార్డు. "వయసు పైబడినందున వచ్చే ఏటి నుంచి ఎవరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు పంపలేను, మన్నించగలరు." ఇప్పుడు ముసలివాళ్లందరూ పంపుతున్నారు ఇలాంటివి. నాకే ఈ ఏడు నాలుగొచ్చాయి.

"మా తమ్ముడు షోహే," అన్నారు నరుమి గారు. "ముప్పై ఎనిమిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఏటా కొత్త సంవత్సరం కార్డొక్కటే. వాడు పంపుతాడు, నేనూ పంపుతాను. చేత్తో ఒక్క ముక్కా రాసుకోం. ఇప్పుడు ఇది కూడా తెంచేశాడు."

"మాస్టారూ, ఇది అందరికీ పంపేదే. మీ ఒక్కరికీ కాదు."

"అందరిలో నన్నూ కలిపాడంటే అర్థమేమిటి?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన కార్డును కిటికీ అంచుకు సమానంగా జరిపారు.

"మంగళవారం మీ హాలుకు సెలవు. మీకు కారుంది. నేను పోయినేడే నా లైసెన్సు తిరిగి ఇచ్చేశాను. వాడు సముద్రం దగ్గర, అజిగసావా దాటాక, స్క్విడ్ కాల్చి అమ్ముతాడట. ఒక్కసారి క్షమాపణ చెప్పుకోవాలి. నన్ను తీసుకెళ్తారా?"

"అటు రైలుందిగా?"

"ఉంది. మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ మధ్యలో దిగి వెనక్కొచ్చేశాను." కార్డు జేబులో పెట్టుకుంటూ అన్నారు: "వేరేవాళ్ల కారులో అయితే మధ్యలో దిగలేను కదా."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనుకుంటూనే సరేనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఆ మూడుసార్లు అన్న మాట వల్ల కావచ్చు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి నరుమి గారు సూటు వేసుకుని, టై కట్టుకుని, ఒళ్లో మిఠాయి పెట్టె పెట్టుకుని నా కారులో కూర్చున్నారు. మా దేశంలో క్షమాపణ వట్టి చేతులతో వెళ్లదు. కారు కదలగానే ఆయన ఎడమకాలు పని మొదలుపెట్టింది. పరీక్షలు పెట్టే కార్లలో అధికారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నా కారులో అది లేదు. లేని బ్రేకును ఆయన దారి పొడుగునా తొక్కుతూనే ఉన్నారు.

"మాస్టారూ, కాలు తీయండి. నా కారుకు కన్నం పడుతుంది."

"అలవాటమ్మా. మీరు బాగానే నడుపుతున్నారు. డెబ్బై మార్కులు."

"నేను అడగలేదు."

ఆపిల్ తోటలు దాటాక ఆయన అట్టముక్క ఒకటి తీసి చదువుకోవడం మొదలుపెట్టారు. "ఆనాటి నా నిర్ణయం వలన నీ జీవితానికి కలిగిన తీవ్రమైన నష్టానికి హృదయపూర్వకంగా..."

"ఇది క్షమాపణా, నీళ్లు రావని ఊరి ఆఫీసు వేసే నోటీసా?"

"ఎక్కువైందంటారా?"

"తమ్ముడితో ఎవరైనా ఇలా మాట్లాడతారా?"

ఆయన ఒక మాట కొట్టేశారు. తర్వాత మళ్లీ రాసుకున్నారు.

రైలుపట్టాలు రోడ్డుకు అడ్డం వచ్చే చోట ఆగాను. చెయ్యి తనంత తానే అద్దం దించింది. సముద్రపు చలిగాలి లోపలికి కొట్టింది. నరుమి గారి కాలు మొదటిసారి కదలకుండా ఉంది.

"భేష్," అన్నారు. "ఈ కాలంలో ఎవరూ దించరు. మీకు ఎవరు నేర్పారు?"

"ఒక మొండి గాడిద."

"మంచివాడే అయ్యుంటాడు."

"మీరే."

నేను పట్టాలు దాటి ఒక కిలోమీటరు నడిపాను. తర్వాత, "ఎన్నిసార్లు ఫెయిల్ చేశాను?" అన్నారు. రెండని చెప్పాను. అప్పుడు ఆయన తన తమ్ముడి సంగతి చెప్పారు. నా మొహం చూడకుండా, ముందున్న రోడ్డుకు చెబుతున్నట్టు చెప్పారు.

షోహే బస్సు నడిపే లైసెన్సు కోసం మూడోసారి వచ్చాడు. బస్సు కంపెనీలో చోటు ఖాయమైంది, ఆ నెలలో లైసెన్సు వస్తేనే. ఆ రోజు అధికారిగా నరుమి గారి వంతు పడింది. సొంత తమ్ముడని చెప్పి తప్పుకోవచ్చు. తప్పుకుంటే, తమ్ముడికి సులువైన అధికారిని చూసిపెట్టాడంటారని తప్పుకోలేదు. పరీక్ష మైదానంలో కట్టిన ఉత్తుత్తి రైలుగేటు దగ్గర షోహే బస్సు ఆపాడు కానీ చక్రం పూర్తిగా ఆగలేదు. ఒక జానెడు దొర్లుతూనే ఉంది. నరుమి గారు బ్రేకు తొక్కారు. అధికారి బ్రేకు తొక్కితే పరీక్ష అక్కడితో సరి. ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండా షోహే ఊరొదిలి స్క్విడ్ పడవల్లో చేరాడు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా అతను సముద్రంలోనే ఉన్నాడు, దహనం అయ్యాక వచ్చి వెళ్లాడట.

"ఒక జానెడు," అన్నారు నరుమి గారు. "రైలు లేదు, పాడూ లేదు. ఉత్తి మైదానం."

నా ఇరవయ్యో ఏటి నుంచీ నాకు ఆయన మీద కోపం ఉంది. ఆ క్షణంలో ఎంత వెతికినా దొరకలేదు.

షోహే కొట్టు రోడ్డు పక్కనే ఉంది. తీగెల మీద స్క్విడ్‌లు ఆరవేసి ఉన్నాయి. ముందు కూర్చోడానికి ఒక బల్ల. తలకు తువ్వాలు చుట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి బొగ్గుల ముందు నిలబడి విసురుతున్నాడు. చెవులు, నుదురు అచ్చం నరుమి గారివే. నేను కారులోనే ఉండిపోయాను. నరుమి గారు దిగి, తలుపు మూసి, మూసుకుందో లేదోనని మళ్లీ నొక్కి చూసి, పెట్టె పట్టుకుని వెళ్లారు.

"ఒకటేనా?" అన్నాడు షోహే.

"ఒకటి," అన్నారు నరుమి గారు.

అంతే. అతను కాల్చాడు, ఈయన తిన్నారు. ఇద్దరూ సముద్రం వైపు చూశారు. ఈయన డబ్బులు బల్లమీద పెట్టి, మిఠాయి పెట్టె కూడా పక్కనే వదిలి, తలవంచి, తిరిగొచ్చి కారెక్కారు.

"పోదాం."

"మాట్లాడారా?"

"చూశాను. బాగానే ఉన్నాడు. చాలు."

హాల్లో అయితే పాట వచ్చేది అక్కడే. ఆ సినిమాల్లో జనానికి నచ్చేదేమిటో నాకు అప్పుడు తెలిసింది. మాట చెప్పకుండా వచ్చేసినవాడు తెరమీద ఎంతో మంచివాడిలా కనిపిస్తాడు. చూసేవాళ్లం మనమే వాడి తరఫున ఆ మాట అనేసుకుని ఏడుస్తాం. తర్వాత నేను లైట్లు వేస్తాను, అందరూ ఇళ్లకు పోతారు. మర్నాడు ఆ మనిషి ఏంచేస్తాడని ఎవరూ అడగరు. ఈ మనిషి మర్నాడు నాకు తెలుసు. ఒంటరిగా ముద్ద మింగుతాడు. వచ్చే జనవరిలో కార్డు కూడా రాదు. గురువారం నా కిటికీ దగ్గర నిలబడి ఎవరో పిల్ల అద్దం చూడలేదంటాడు.

ఒళ్లు మండిపోయింది. తాళంచెవి లాక్కుని దిగి కొట్టు దగ్గరికి నడిచాను.

"ఏమండీ, ఇప్పుడు తిని వెళ్లినాయన ఎవరో తెలుసా మీకు?"

షోహే విసరడం ఆపలేదు. "తెలుసమ్మా. తలుపు రెండోసారి నొక్కాడే, అప్పుడే తెలుసు. ఉన్నవాటిలో పెద్దది కాల్చి పెట్టాను."

"మరి పిలవలేదేం?"

"ఆయన పిలిచాడా?"

"ముసలాయన అంత దూరం వచ్చాడండీ!"

"ఇక్కడిదాకా వచ్చాడుగా. ఇంకో నాలుగడుగులు వేస్తే కాళ్లరుగుతాయా?"

దొందూ దొందే. నేను బల్లమీద కూర్చుని నాకూ ఒకటి వెయ్యమన్నాను. తర్వాత కారువైపు తిరిగి, రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినపడేలా అరిచాను. "మాస్టారూ! నేను నడపను! మీకు లైసెన్సు లేదు! రైలు సాయంత్రం దాకా రాదు!"

నా స్క్విడ్ కాలింది. తినడం కూడా అయిపోయింది. షోహే ఇంకోటి వేశాడు, ఎవరికోసమో చెప్పలేదు. అతని విసనకర్ర మాత్రం బొగ్గులకు తగులుతోంది. అరగంటకు కారు తలుపు తెరుచుకుంది.

నరుమి గారు వచ్చి బొగ్గుల ముందు నిలబడి, నడుము నేలకు సమాంతరంగా వంచారు. "ఆనాటి నా నిర్ణయం వలన నీ జీవితానికి కలిగిన..."

"ఆపు," అన్నాడు షోహే. "ఫెయిల్ చేసింది సరైనదే. చక్రం ఆగలేదు. అది నాకు అక్కడే తెలుసు. దానికా నువ్వు ఇన్నేళ్లూ కుమిలింది?"

నరుమి గారు వంగినవారు వంగినట్టే తలెత్తారు. "మరి దేనికి... నువ్వెందుకు..."

"ఆ రోజు శనివారం. శనివారం శనివారం నువ్వు ఇంటికొచ్చి తినేవాడివి. నేను ఫెయిలయ్యానని అమ్మతో ముందే చెప్పాను. అమ్మ ఏమందో తెలుసా? రానీ, ఇద్దరూ నాలుగు తిట్టుకుంటారు, తర్వాత తింటారు అంది. అన్నం వండి నీ కంచం పెట్టింది. నువ్వు రాలేదు. పై శనివారమూ రాలేదు. మూడు శనివారాలు పెట్టింది అన్నయ్యా. నాలుగోది చూడలేక నేను వెళ్లిపోయాను."

నరుమి గారు అట్టముక్క ఒకసారి చూసుకున్నారు, అందులో దీనికి మాట లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన మోసుకొచ్చిన క్షమాపణ అక్కర్లేనిదానికి. అక్కరున్నది ఆయనకు ఒక్కసారైనా తట్టలేదు. ఆయన నిటారుగా నిలబడటానికి ప్రయత్నించారు, కుదరలేదు, బల్లమీద కూలబడ్డారు. కళ్లజోడు తీసేశారు.

"అన్నం ఉందా?" అన్నారు.

షోహే విసనకర్ర పక్కన పెట్టాడు. "ఇవాళ శనివారం కాదు."

"తెలుసురా. అయినా పెట్టు."

షోహే తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాడు. రెండు గిన్నెలతో అన్నం తెచ్చి, ఒకటి అన్న ముందు పెట్టి, రెండోది తను పట్టుకుని పక్కన కూర్చున్నాడు. నాకు పెట్టలేదు. నేనూ అడగలేదు.