సున్నా బరువు పిల్లలు

మా అత్తగారు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో హెడ్ నర్సు. పిల్లల్ని గాజుపెట్టెలో కాకుండా తల్లి గుండెల మీదే పడుకోబెట్టే గది ఒకటి ఆవిడే పట్టుబట్టి తెరిపించారు. అక్కడి పిల్లల సగటు బరువు మరీ తక్కువగా ఉందని, మధ్యాహ్నం మీటింగులో ఆ గది మూసేస్తారని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలవడం లేదు.

"నీ లెక్కల భాష నాకు నేర్పు. ఎవరో చెప్పిన సగటు నేను నమ్మను" అంటూ పొద్దున్నే బరువుల ఫైలు తెరిచి నా కంప్యూటరు ముందు కూర్చున్నారు.

లెక్కలు కట్టే ఆర్ అనే కంప్యూటరు భాష నేర్పడం నా ఉద్యోగమే. అత్తగారికి నేర్పడం మాత్రం కత్తిమీద సాము. పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు అంటే "దీనికింత పట్టింపేమిటే?" అన్నారు. కామా మరిచిపోయి తప్పొస్తే కంప్యూటరునే కసిరారు.

"తెరిచిన బ్రాకెట్టు మూయాలి అత్తయ్యా."

"కుట్లు వేసి ముడి వెయ్యకుండా వదిలేస్తామా? అలా చెప్పు మరి!"

అక్కణ్ణుంచి బండి గాడిన పడింది. సగటు అడిగారు. మూసేస్తామన్నవాళ్ళు చెప్పిన అంకే వచ్చింది. ఆవిడ మొహం పాలిపోయింది. అన్నిటికన్నా తక్కువ బరువెంతో అడగమన్నాను. సున్నా అని వచ్చింది.

"సున్నా బరువున్న పిల్లలెవరు అత్తయ్యా?"

"నిద్రపోతున్నవాళ్ళు! తల్లి మీద పడుకున్న బిడ్డని లేపి తూచనిస్తానా? ఆ పూటకి సున్నా వెయ్యమంటాను."

అంటే హాయిగా నిద్రపోయిన ప్రతి బిడ్డా సగటును కిందికి లాగిందన్నమాట! తెలియని విలువకు సున్నా కాదు, ఎన్‌ఏ అని రాయాలని చెప్పాను. ఒక్క సమానం గుర్తు పెడితే ఆ విలువ ఇచ్చెయ్యమని, రెండు పెడితే సమానమా అని అడగడమని కూడా చెప్పాను. కీబోర్డు మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. సున్నాలన్నీ ఆవిడే మార్చి సగటు అడిగితే, ఈసారి ఎన్‌ఏ అనే వచ్చింది.

"అలిగింది" అన్నారు.

ఒక్క విలువ తెలియకపోయినా సగటూ తెలియదనే అంటుందని చెప్పి, తెలియనివి పక్కన పెట్టమని చేర్పించాను. ఎంటర్ నొక్కగానే అంకె గాజుపెట్టెల వార్డు సగటును దాటిపోయింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని గెంతాం.

మీటింగులో నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టారు. "ఈ లెక్క ఎవరు చేశారు?" అని సూపరింటెండెంటు అడిగారు.

"నేనేనండి. మళ్ళీ చేసి చూపిస్తా" అని అందరి ముందూ మొదటి లైను నుంచీ టైపు చేశారు. ఒక్క తప్పు రాలేదు. గది మూసే మాట అటుంచి, పక్క గది కూడా ఖాళీ చేసివ్వమన్నారు సూపరింటెండెంటు.

నేను సంతోషం పట్టలేకపోయాను. పక్కన కూర్చున్నాయన ఎవరో కూడా తెలియదు, ఆయన ఏమీ అడగనూ లేదు.

"మా అత్తగారండీ" అని చెప్పేశాను.