అందరి చేతి ఉప్పు

మిట్టమధ్యాహ్నం మేకల కొట్టం వెనక, రేకుల నీడలో చిరుత తోలు ఒలుస్తున్నారు. కడుపు దగ్గర కత్తి జారి చన్ను తెగింది. పాలు కారి దుమ్ములో కలిశాయి. ఒలుస్తున్న కాపరి చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా మళ్లీ మొదలుపెట్టాడు. పాలకీ నెత్తురుకీ తేడా చూడకుండా ఈగలు వాలాయి.

తోళ్ల వ్యాపారి మొహం పక్కకి తిప్పుకున్నాడు. రెండు బస్తాల ఉప్పు తెమ్మని ఆసామి కబురు పంపితే మేక తోళ్లకేమో అనుకుని వచ్చాడు.

మందలన్నీ ఆసామివి. ఆరు కుటుంబాలు వాటాకి మేపుతాయి. పుట్టిన రెండు పిల్లల్లో ఒకటి కాపరికి. మేక రోగంతో చచ్చినా, తప్పిపోయినా ఆరు వేలు కాపరి నెత్తిన పడుతుంది. చిరుత చంపితే మాత్రం నష్టం ఆసామిది. రుజువుకి పంటి గాట్లున్న తోలు చూపించాలి.

అలా మూడేళ్లలో చిరుత ఇరవై మూడు మేకల్ని చంపింది. ఇది ఆసామి లెక్క. వ్యాపారి లెక్క వేరు. బతికుండగా పడ్డ గాటు కింద నెత్తురు గడ్డకట్టి, తోలు లోపలి వైపు నల్లగా కమిలి ఉంటుంది. రోగంతో చచ్చాక కాపరి ఇనప మేకుతో పొడిచిన చిల్లు శుభ్రంగా ఉంటుంది. ఆ ఇరవై మూడింటిలో కమిలినవి నాలుగే.

అతను నోరు విప్పలేదు. మంచి తోలు వంద, చిల్లు తోలు నలభై. చిల్లు మెడ దగ్గరే కాబట్టి ఆ కాస్త ముక్క కోసేస్తే మిగిలింది మంచి తోలే. కాపరుల అబద్ధం మీద అతనికీ నాలుగు డబ్బులు మిగిలాయి.

మొదట్లో వాళ్లకిది సరదా. చిరుతకి మామ అని పేరు పెట్టారు. దగ్గొచ్చి మేక పోతే, మామ వచ్చి వెళ్లాడు అని కన్ను గీటేవాళ్లు. చెప్పగా చెప్పగా చెప్పినవాళ్లే నమ్మారు. దాన్ని ఒక్కసారీ చూడనివాళ్లు పిల్లల్ని బయటికి పంపడం మానేశారు. మేకు దిగ్గొట్టిన చేతులే అందరికంటే ముందు దాన్ని చంపాలన్నాయి. నిజంగా నాలుగు మేకల్ని పోగొట్టుకున్నది గట్టు మీద మేపే, అందరూ వదిన అని పిలిచే ఆమె ఒక్కతే. ఆమె మాత్రం ఏనాడూ దాన్ని తిట్టలేదు. దాని దారిలోకి నేనే పోతున్నాను కదా అనేది.

నిన్న అది ఆమె ఐదో మేకని కొట్టి సగం తిని వెళ్లింది. మిగిలిన సగంలో, ఆమెని అడక్కుండానే, ఆసామి మనుషులు పురుగుల మందు పోశారు. తిరిగొచ్చి తిన్న చిరుతా చచ్చింది, ఆమె కుక్కా చచ్చింది. కుక్కని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ కొండల్లో ఇంకో చిరుత ఉందో లేదో ఎవరికీ తెలియదు.

తోలు పరిచాక ఆసామి ఉప్పు చట్టి తెప్పించాడు. అందరూ తలా గుప్పెడు వెయ్యాలన్నాడు. రేపు అటవీశాఖ వాళ్లొచ్చి అడిగితే, అందరి చెయ్యీ పడిన పనికి ఎవరి నోరూ లేవదని అతని ధీమా.

"నీ మేకని తినే చచ్చింది. ముందు నువ్వు వెయ్యమ్మా."

"నేను వెయ్యనయ్యా," అంది వదిన.

కత్తి పట్టుకున్న కాపరి ఆమెకి మరిది వరస. "మామ పోయాడని బెంగ పెట్టుకున్నావా వదినా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆమె గొంతు పెంచలేదు. "నవ్వు మరిదీ. రేపు నీ మందలో మేక చస్తే ఎవరు చంపారని చెబుతావు?"

మరిది కత్తి తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంకెవరు చంపుతారు, చంపేది లేదుగా," అన్నాడు ఆసామి తాపీగా. "ఇకమీద ఏ మేక పోయినా కాపరి చూసుకోక పోయినట్టే."

వ్యాపారి అతని మొహం చూశాడు. ఇన్నాళ్లూ ఆసామి నెత్తిన పడ్డవి ఇరవై మూడు మేకలు, ఆరు వేల చొప్పున లక్షా ముప్పై ఎనిమిది వేలు. ఇకమీద అది కాపరుల నెత్తిన. మందు డబ్బా రెండొందలు. ఇంత చవకైన బేరం తనెప్పుడూ చెయ్యలేదు అనిపించింది.

ఉప్పు వెయ్యకపోతే సాయంత్రానికల్లా మంద అప్పగించి పొమ్మన్నాడు ఆసామి. పదకొండేళ్లుగా ఆమె ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ మందతోనే. ఆమె కర్రని గుంజకి ఆనించి, కొట్టంలోకి వెళ్లి, ఒక్కో మేక వీపు మీద చెయ్యి వేసి అప్పగింతకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఉప్పు చల్లారు. మరిది చల్లిన ఉప్పు సగం కింద పడింది. చట్టి వ్యాపారి దగ్గరికి వచ్చింది.

"తోలు నీకే. ఊరికే తీసుకెళ్లు," అన్నాడు ఆసామి.

వ్యాపారి గుప్పెడు ఉప్పు తీశాడు. అప్పుడు కొట్టంలో ఓ మేక దగ్గింది. తడి దగ్గు. ఆగి, మళ్లీ దగ్గింది. ఆ దగ్గు ఎన్నాళ్లలో ఎన్ని తోళ్లవుతుందో అతనికి తెలుసు. అక్కడున్న ఐదుగురు కాపరులకీ తెలుసు. ఒక్కరూ అటు తల తిప్పలేదు.

లోపల వదిన లెక్క ఆ దగ్గిన మేక దగ్గర, ముప్పై రెండులో ఆగింది. ఆసామి ఎదురు చూస్తున్నాడు. వ్యాపారి గుప్పిట్లో ఉప్పు చెమటకి తడిసి, వేళ్ల సందుల్లోంచి చుక్కలుగా కారుతోంది.