పెళ్ళిపరుపు మీద పడ్డ నిట్టూర్పు

దిండులో దూది కూరుతున్న రహిమున్నీసా ఒళ్ళోంచి పిడికెడు దూది దానంతటదే లేచింది. నింపాదిగా గుమ్మం దాటి, ముందుగదిలో దూదేకే మిషను దగ్గర నిలబడ్డ బుడాన్ మీసం మీద వాలింది. అతను దాన్ని రెండు వేళ్ళతో తీసి చూసి, వెనక్కి తిరగకుండానే, "ఆ ఫ్యాను కాస్త తగ్గించవే" అన్నాడు పెళ్ళాంతో. వెనక గదిలో ఫ్యాను లేదు. ఆ సంగతి బేరమాడుతున్న గిరాకీలకు కూడా తెలుసు కాబట్టి అందరూ నవ్వారు. తను మళ్ళీ నిట్టూర్చిందని రహిమున్నీసాకు అలాగే తెలిసేది, ఎవరో ఒకరు నవ్వాక.

మొదట్లో ఆమె నమ్మలేదు. గురక పెట్టేవాళ్ళకు తమ గురక వినపడనట్టే ఆమె నిట్టూర్పు ఆమెకు వినపడదు. చిలకలూరిపేట రోడ్డు మీద లారీల మోత, ఇంట్లో దూదేకే మిషను మోత. అంత గోలలో తన ఊపిరి వీళ్ళకెట్లా వినపడుతుందో ఆమెకు అంతుపట్టేది కాదు. పొద్దున ఆమె ఎప్పుడు లేచిందో, బోరింగు దగ్గర నుంచి నీళ్ళు ఎప్పుడు మోసిందో, అత్తకు వేణ్ణీళ్ళు, మామకు టీ, మొగుడికి కూర అయ్యాక తను అసలు తిన్నదో లేదో ఆ ఇంట్లో ఎవరినడిగినా చెప్పలేరు. ఊపిరి వదిలితే మాత్రం ఇంటిల్లిపాదీ సాక్ష్యం చెబుతారు.

అందరికంటే పెద్ద సాక్షి మామ అల్లాబక్షు. ఒకప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకిన మనిషి, మిషను వచ్చాక అరుగు మీది బల్లకు అతుక్కుపోయి కథలు ఏకడం మొదలుపెట్టాడు. మా పెద్దకోడలు ఒకసారి నిట్టూరిస్తే హైవే మీద పోయే పత్తి లారీకి పట్టా లేచిపోయిందనీ, డ్రైవరు మార్టూరులో దిగి చూసుకుంటే తాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదనీ చెప్పేవాడు. ఇంకోసారి గుంటూరు వైపు తిరిగి నిట్టూరిస్తే మిరపకాయల యార్డు మొత్తం సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉందట. చీరాల సముద్రంలో గాలి పడిపోయిన రోజున జాలరులు ఈమె కోసం కబురు పంపారట కూడా. లారీ కథకు రహిమున్నీసా కూడా నవ్వింది, బాగుంది మరి. కానీ పాత పరుపులు విప్పుతూ ఆ కథలన్నీ మళ్ళీ తలుచుకుంటే ఒక సంగతి తట్టింది. వాటిలో లారీలు కదిలేవి, పడవలు కదిలేవి, తను మాత్రం కూర్చున్న చోట కూర్చునే ఉండేది.

ఇదంతా ఆమె భరించేదే, నస్రత్ రాకుండా ఉంటే.

నస్రత్ మరిది ఇషాక్ పెళ్ళాం. రెండు వేసవుల కిందట చీరాల నుంచి కాపురానికి వచ్చింది. వచ్చిన నెలలోనే ఒక మధ్యాహ్నం ఆ పిల్ల చిన్నగా నిట్టూర్చింది, పావురం రెక్క విదిల్చినంత చప్పుడు. ఇషాక్ మిషను ఆపేశాడు. ఏమైంది అని అడిగి, రోడ్డు దాటి వెళ్ళి గోలీసోడా తెచ్చాడు. అత్త లేచి, పిల్లకు ఎవరి కన్నో పడిందని ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. అదే ఊపిరి. రహిమున్నీసా వదిలితే ఇంటికి దరిద్రం, నస్రత్ వదిలితే నస్రత్‌కు దిష్టి. గోలీసోడా కోసం రహిమున్నీసా కుళ్ళుకోలేదు, ఆమెకు ఆ గ్యాసు పడదు కూడా. ఆ మిషను ఆగిందే, దానికి కుళ్ళుకుంది. తను వచ్చినప్పటి నుంచి చూస్తున్న ఆ ఇంట్లో ఒక ఆడమనిషి ఊపిరి కోసం పని ఆగడం అదే మొదటిసారి. తను కూడా ప్రయత్నించి చూసింది. మర్నాడు అన్నం వడ్డిస్తూ మొగుడి చెవి దగ్గర కావాలనే, పొట్టలోంచి లాగి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. బుడాన్ ముద్ద నములుతూ, కూరలో ఉప్పు సరిపోయిందిలే, బెంగపడకు అన్నాడు.

ఆ తర్వాత దబ్బనం కూడా పోయింది. పెళ్ళిపరుపుకు ఒక పద్ధతి ఉంది. బూరుగు దూది నింపి, నాలుగు వైపులా కుట్టి, ఒక మూల మాత్రం మూతి తెరిచి ఉంచుతారు. పెళ్ళికూతురి తల్లి వచ్చి, పసుపు కుంకుమ అద్దిన చిటికెడు దూది తన చేత్తో లోపల పెడితే, ఇంటి కోడలు ఆవిడ ఎదుటే ఆ మూతి కుట్టేసి తాంబూలం, జాకెట్టు ముక్క అందుకుంటుంది. చుట్టుపక్కల ఎన్ని కాపురాలకో ఆ ఆఖరి కుట్టు రహిమున్నీసా వేసిందే. ఆ కాసేపు ఆమె ముందుగదిలో ఫ్యాను కింద కూర్చునేది. వచ్చినవాళ్ళు అమ్మా అని పిలిచేవాళ్ళు. నిట్టూర్పు పడిన పరుపు మీద కొత్తపెళ్ళికూతురికి నిద్రపట్టదని నలుగురూ అనుకుంటున్నారు, ఆ దబ్బనం ఇక చిన్నదానికి ఇవ్వు అంది అత్త ఒకరోజు, గరిట ఇవ్వమన్నంత తేలిగ్గా. రహిమున్నీసా ఇచ్చేసింది. వెనక గదిలో ఎవరెవరివో పాత పరుపులు విప్పుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గుమ్మంలోంచి నస్రత్ కుట్లు చూసేది. వంకరగా ఉన్నాయని సంబరపడింది. తర్వాత తిన్నగా వస్తుంటే దిగులుపడింది. తన నిట్టూర్పు ముందుగదిలో పడకూడదని గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగపట్టడం అలవాటు చేసుకుంది.

పసుమర్రు నుంచి శివపార్వతి వచ్చిన రోజున కూడా అలాగే ఊపిరి బిగపట్టి, టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది. శివపార్వతి కూతురు లక్ష్మీదుర్గ పెళ్ళి. పరుపు ముందుగది నిండా మబ్బు దిగినట్టు ఉంది. నస్రత్ ఒక మోకాలు మడిచి కూర్చుంది. కళ్ళ కింద నీడలు. ఆ మధ్య నీళ్ళు మోసేది కూడా ఆ పిల్లే. శివపార్వతి దేవుణ్ణి తలుచుకుని కుంకుమ దూదిని మూతిలో పెట్టింది. నస్రత్ దబ్బనం ఎత్తింది.

నిట్టూర్పు వినపడింది. మూతిలోని కుంకుమ దూది పైకి లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, శివపార్వతి చీర మీద పడింది.

అందరూ రహిమున్నీసా వైపు తిరిగారు. అత్త, బుడాన్, గిరాకీలు, అరుగు మీంచి మామ. నస్రత్ కూడా తల ఎత్తి చూసి, "ఇవాళైనా ఆపుకోలేకపోయావా అక్కా" అంది. పిల్ల దొంగ కాదు. నిజంగానే తెలియదు దానికి.

పళ్ళెం పట్టుకున్న రహిమున్నీసా రొమ్ములో ఊపిరి అప్పటికీ బిగబట్టే ఉంది. కళ్ళు మండుతున్నాయి. ఎప్పుడూ తెలియకుండా చేసిన పనికే మాటలు పడ్డది, ఈసారి చేయలేదని తెలిసి పడింది. ఆ దూది నస్రత్ ముక్కు కింద నుంచి లేవడం తను కళ్ళారా చూసింది. మీ ముద్దుల కోడలే అన్న మాట నాలుక మీద పటికబెల్లంలా కరుగుతోంది. ఎంతకాలంగా ఎదురుచూసిన మాట అది. అప్పుడే ఆమె చెవికి ఇంకోటి తగిలింది. మిషను నడుస్తూనే ఉంది. ఇషాక్ తల కూడా ఎత్తలేదు. ఆ మిషను ఆఖరిసారి ఎప్పుడు ఆగింది? గుర్తు రాలేదు. ఆగిన ఆ ఒక్క పూటనే పట్టుకుని, ఆగని రోజులన్నీ చూడకుండా కుళ్ళుకుంటూ కూర్చుంది తను.

శివపార్వతి నొచ్చుకుంటూనే చెప్పింది, ఆడపిల్ల కాపురం కదండీ, ఇంకోటి కుట్టి ఉంచండని. ఆవిడ ఆటో ఎక్కిందో లేదో అత్త తిట్లు మొదలయ్యాయి. బుడాన్ పరుపు వైపు చెయ్యి చూపించి, విప్పదీసి పెట్టు, విప్పడం నీ పనేగా అన్నాడు.

"విప్పను" అంది రహిమున్నీసా.

అందరూ ఆగారు, మిషను తప్ప.

"నా నిట్టూర్పు పడిందన్నారు. ఇంకెవరికీ పనికిరాదన్నారు. అయితే ఇది నాదే."

నస్రత్ చేతిలోంచి దబ్బనం తీసుకుంది. మూతిని తనే కుట్టింది, తన పాత కుట్టు. పరుపును సరిగ్గా ఫ్యాను కిందికి లాగి, మిట్టమధ్యాహ్నం, వీధి తలుపులు బార్లా తెరిచి ఉండగా, దాని మీద వెల్లకిలా పడుకుంది. అల్లాబక్షు కథ చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. లారీ పట్టా ఎగిరిందంటే నమ్మే జనం, కోడలు పట్టపగలు పెళ్ళిపరుపు మీద పడుకుందంటే నమ్మరని తోచి ఉంటుంది.

"మరి అన్నమో?" అన్నాడు బుడాన్.

"కుండలో ఉంది" అంది, కళ్ళు మూసుకుని.

కాసేపటికి గురక వినపడింది. నిజంగా గురకో, పెట్టిందో ఆ అల్లాకే తెలియాలి. ఎవరికీ ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా, ఆ గదిలో మళ్ళీ ఒక నిట్టూర్పు వినపడింది. అలవాటుగా అందరూ పరుపు వైపు చూశారు. రహిమున్నీసా గురక పెడుతూనే ఉంది. గురక పెట్టే మనిషి నిట్టూర్చదు. ఒక్కొక్క తలే మెల్లగా నస్రత్ వైపు తిరిగింది. నస్రత్ కూడా తిరిగి తన వెనక చూసుకుంది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల కళ్ళు పరుపు మీదికి వచ్చి అక్కడే ఆగిపోయాయి.

ఆ చూపు రహిమున్నీసాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ వెనక గది గుమ్మంలోంచి తను చూసిన చూపే. గురక ఆపి, ఒక కన్ను తెరిచి, ఒత్తిగిల్లి కాస్త జరిగింది.

"రావే నస్రత్. ఇద్దరికి సరిపడా కుట్టావుగా" అంది. "ఫ్యాను వైపు మాత్రం నాది."